మా తమ్ముడు తాగిన పాలు

తమ్ముడి పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయిన తరువాత నేను ఇంకొన్నాళ్ళు ఆ ఇంట్లోనే ఉండిపోయాను. ఉండమని ఎవరూ అడగలేదు, వెళ్ళమనీ అనలేదు. నెల్లూరులో నా గదికి తాళం వేసి ఉంది. లైబ్రరీ ఉద్యోగం మానేసి చాలాకాలమైంది కనుక వెళ్ళి చేసేదేమీ లేదు. పొద్దున లేచి వరండాలో కూర్చునేదాన్ని. తమ్ముడి కోడలు నిర్మల కాఫీ ఇస్తే తాగేదాన్ని, ఇవ్వడం ఆలస్యమైతే కాఫీ సంగతి గుర్తుండేది కాదు. ఏడుపు రాలేదు. అయినవాళ్ళు పోయినవారి గురించి చాలా చదివాను. చదివిన వాటిలో ఏదీ నాకు జరుగుతున్నట్టు అనిపించలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో అలా ఉంది. అది అక్కడే ఉందని వేలితో తాకితే తెలుస్తుంది, అంతే.

ఒక ఆదివారం తమ్ముడి మనవరాలు లాస్య ఒక అట్టముక్క, జిగురు, కత్తెర తెచ్చి నా ఎదురుగా నేలమీద పరిచింది. మూడో తరగతి చదువుతోంది. తాత పోయిన ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదని ఎవరో చెప్పినట్టున్నారు, గుసగుసగా అడిగింది.

"పెద్దవ్వా, నీకు మేమల్స్ తెలుసా?"

"ఏందవి?"

"పాలిచ్చే జంతువులు. చార్ట్ చెయ్యమనింది మా మిస్. బొమ్మలంటించి, దేనికీ దేనికీ ఏం తేడానో కింద రాయాల."

అంగడిలో దొరికే బొమ్మల షీటు కొనుక్కొచ్చింది. ఆవు, ఏనుగు, గబ్బిలం, కంగారూ, డాల్ఫిన్ అన్నీ ఉన్నాయి. మనిషి అని రాసిన చోట కోటూ టై కట్టుకున్న తెల్లటి పిల్లవాడి బొమ్మ ఉంది. లాస్య ఆ ఒక్కటీ కత్తిరించకుండా వదిలేసింది. "వీడు మనోడు కాదు" అంది. దండ వేసిన పెద్ద ఫోటో కోసం తీయించిన వాటిలో తాతవి చిన్న ఫోటోలు మిగిలి ఉన్నాయి, అందులో ఒకటి అంటిస్తానని వాళ్ళమ్మను అడిగింది. వంటింట్లోంచి నిర్మల కేకవేసింది. "పోయినోళ్ళ ఫోటో బళ్ళో పెడతారంటే! నోరు మూసుకోని ఏనుగుని అంటించు." అందువల్ల మనిషి గడి ఖాళీగానే ఉంది.

తేడాలు చెప్పమని నన్ను అడిగింది. పుస్తకంలో ఉండే జవాబు నాకు తెలుసు. ఒంటి మీద వెంట్రుకలు, వెచ్చటి రక్తం, పిల్లల్ని కని పాలివ్వడం. కానీ పుస్తకాలు చదవడానికి ముందే ఈ పాఠం నేను వేరే దారిలో నేర్చుకున్నాను. పాలిచ్చే జంతువులు నాకు మొదట పాల రుచిని బట్టి, వాసనను బట్టి తెలిశాయి. అవన్నీ మా తమ్ముడి కోసం ఇంటికి వచ్చిన పాలు.

తమ్ముడు మస్తాన్‌ను కని మా అమ్మ పోయింది. నేను అప్పటికి చంకన బిడ్డను ఎత్తుకోగలిగే వయసు దాన్ని. ఇల్లు తాటాకుది. ముందువైపు సముద్రం, వెనకవైపు సరుగుడు తోపు, తోపు దాటితే ఉప్పు పండించే కయ్యలు. నాయన వేటకు పోయేవాడు, నాయన తల్లి, మా అవ్వ, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకొని లోపలి ఊళ్ళకు పోయి అమ్ముకొచ్చేది. ఇంటిలో అన్నిటికీ ఎండుచేపల వాసనే, దుప్పట్లకు, బియ్యానికి, అవ్వ చేతులకు. ఆ వాసనలోకి బిడ్డ వచ్చాడు. వాడు పెద్దగా ఏడ్చేవాడు కాదు. గొంతులో పిల్లికూనలాంటి చిన్న చప్పుడు చేసి ఊరుకునేవాడు. అవ్వకు అదే భయం. "ఏడిచే బిడ్డకి బయం లేదు, ఈడు ఏడవటం ల్యా" అని వచ్చినవాళ్ళందరితో అనేది.

ఊళ్ళో పాలిచ్చే తల్లులు లేకపోలేదు. కానీ కానుపులో తల్లి పోయిన బిడ్డకు రొమ్మిస్తే ఆ పోయినామె వచ్చి ఇచ్చినామె బిడ్డను కూడా తోడు పిలుచుకుంటుందని మా వాడలో నమ్మేవాళ్ళు. చెడ్డవాళ్ళు కాదు. కూరలు పంపేవాళ్ళు, నాకు తల దువ్వేవాళ్ళు, బిడ్డను చూడగానే పైట సర్దుకొని పక్కకు తిరిగేవాళ్ళు. అవ్వ వాళ్ళను ఒక్క మాట అనలేదు. తన ఇంట్లోనే పాలిచ్చే కోడలుంటే తనూ వద్దనే చెప్పేదాన్నని తరువాతెప్పుడో అంది.

అందుకని జంతువుల మీద పడింది. మొదట ఆవుపాలు. నీళ్ళు కలిపి, వాముగింజ వేసి కాచి, ఉగ్గుగిన్నెతో పోసేది. ఉగ్గుగిన్నె అంటే పిచ్చుక ముక్కులాంటి మూతి ఉన్న చిన్న ఇత్తడి గిన్నె. నన్ను పెంచిన గిన్నె కూడా అదే. పోసేముందు ఒక చుక్క నా అరచేతిలో వేసి నాకమనేది. ఆవుపాలు పలచన, కొంచెం పసుపు. బిడ్డకు విరేచనాలు పట్టాయి. తరువాత గేదెపాలు తెచ్చింది, తెల్లగా, చిక్కగా, వేలికి మీగడ అంటుకునేవి. వాటికి కడుపు ఉబ్బింది. తరువాత మేక. సీమతుమ్మ కాయలు తిని వచ్చే మేక కనుక పాలకు ఆ కాయల వగరు, మేక వాసన రెండూ ఉండేవి. అవి కాస్త నిలిచాయి. రొమ్ము పడిశం పట్టి బిడ్డకు ఎగశ్వాస వచ్చినప్పుడు ఉప్పు మోసే గాడిదలవాడి దగ్గరికి పోయి గాడిదపాలు అడిగింది. గాడిద ఇచ్చేది ఉగ్గుగిన్నెడే. నీళ్ళలా ఉంటాయి, తియ్యగా ఉంటాయి. నాకు చుక్క పెట్టడానికి అవ్వకు మనసు రాలేదు, గిన్నె అడుగు వేలితో తుడిచి నా నాలుకకు రాసింది.

గాడిదలవాడు నవ్వుతాల మనిషి. "అవ్వా, రేపు ఈడు మాటలకు బదులు ఓండ్ర పెడితే నన్ననమాక."

"పెట్టనీలేరా. ఓండ్ర పెట్టినా బతికినట్టేగా" అంది అవ్వ.

అవ్వతో పాటు తిరగడంలోనే నేను జంతువులను చూశాను. ఆవు దూడను ముందు కట్టేస్తే చాలు, చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దించుతుంది. గేదె దూడ నోరు పెట్టనిదే చేపదు, మొండిది. మేకకు రెండే చన్నులు, గాడిదకూ రెండే, ఆవుకు నాలుగు. పడవ కింద ఈనిన కుక్కకు రెండు వరసలు. అన్నిటికీ కలిపి అవ్వ ఒక సూత్రం చెప్పింది: "చెవి బయటికుంటే కంటాది, చెవి కనపడకుంటే గుడ్డు పెడతాది." నాకు అది దొరికిన తరువాత కొన్నాళ్ళు ఎవరిని చూసినా ముందు చెవులే చూశాను. బల్లికి లేవు, పాముకు లేవు, కాకికి లేవు. ఒకసారి గబ్బిలం ఇంటి చూరులోంచి కింద పడింది. ఇది ఎగురుతుంది గదా, గుడ్డే పెడుతుంది అన్నాను. అవ్వ పుల్లతో దాన్ని తిప్పి చెవులు చూపించింది. దాని పొట్టకు కరుచుకొని బొటనవేలంత పిల్ల ఉంది. శీతాకాలంలో ఇసుకలోకి వచ్చి గుడ్లు పెట్టే తాబేలును కూడా చూపించింది. అది గుంట పూడ్చి సముద్రంలోకి వెళ్ళిపోయింది, వెనక్కి తిరగలేదు. "దానికి పాలు లేవుగా, ఇంక నిలబడే పనేముంది" అంది అవ్వ. ఈ మాటల్లో తప్పులున్నాయని చదువుకున్న తరువాత తెలిసింది. చాలావరకు ఒప్పులే ఉన్నాయని కూడా తెలిసింది.

మేకపాలు నిలిచాయన్నానే గాని బిడ్డ పెరగలేదు. చేతులు సన్నగా, తల పెద్దగా అయ్యాడు. నాయన ఇంటికి వస్తే బిడ్డవైపు చూడకుండా వల బాగుచేసుకునేవాడు. బిడ్డ దక్కడని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. నేను మాత్రం వాడిని చంకలోంచి దించడం మానేశాను. దించితే పోతాడనుకున్నాను.

ఒక పొద్దున పెద్దవల లాగుతున్నారు. ఒడ్డునుంచి రెండు పక్కలా తాళ్ళు పట్టుకొని ఊరంతా లాగే వల అది. లాగినవాళ్ళకల్లా చేపల్లో వాటా ఉంటుంది కనుక ఆడవాళ్ళు, పిల్లలు అందరూ వస్తారు. ఆరోజు వల చాలా బరువుగా వచ్చింది. ఇసుకమీదికి లాగి చూస్తే మనిషంత పొడవున్న నున్నటి బూడిదరంగు జీవి ఒకటి, నెత్తిమీద రంధ్రంలోంచి బుస్సుమని ఊపిరి వదులుతోంది. ఇప్పుడు డాల్ఫిన్ అంటే మూడో తరగతి పిల్లకు కూడా తెలుసు. అప్పుడు దాన్ని మేము దూరంగా నీళ్ళల్లో వీపు ఎత్తుతూ పోతుంటే చూడడమే గాని ఇంత దగ్గరగా చూడలేదు.

"ఏం చాపరా ఇది!"

"చాప గాదురా, ఊపిరి తీస్తాండాది చూడు."

"చెవుల్లేవు గదరా, చాపే."

వాళ్ళు వాదించుకుంటూనే దాన్ని వలలోంచి తప్పించడానికి పక్కకు దొర్లించారు. పొట్ట కింద తోకవైపు రెండు చిన్న చీలికలున్నాయి. అక్కడినుంచి చిక్కటి తెల్లటి పాలు ఇసుకమీద పడ్డాయి. గంప దించి అవ్వ ముందుకు వచ్చింది.

"బాలింతరా అది. వొదలండ్రా."

పక్కింటి కుర్రాడొకడు ఆ సమయంలో కూడా ఎగతాళి మానలేదు. "చెవుల్లేంది కంటాదా అవ్వా? నువ్వేగా చెప్పింది పిల్లోళ్ళకి!"

"నేను జెప్పినానని దానికి తెలుసంట్రా? బిన్నా తొయ్యండి, ఆలస్యం చెయ్యమాకండి."

వల కొంత కోసి, నలుగురైదుగురు నడుమెత్తు నీళ్ళలోకి దిగి దాన్ని తోశారు. అలల అవతల చిన్న వీపు ఒకటి తిరుగుతూ ఉందని కొందరు అన్నారు. నేను చూడలేదు. నా చంకలో మస్తాన్ ఏడవడం మొదలుపెట్టాడు. ఏడుపే, పిల్లికూన చప్పుడు కాదు. ఇప్పటికీ కారణం తెలియదు. జనం గోలకు కావచ్చు, ఆకలికే కావచ్చు.

గుంపులో మా ఇంటికి రెండిళ్ళ అవతలి తులసమ్మ ఉంది. కొత్తకోడలు, చంటి ఆడపిల్ల తల్లి. పిల్లను ఇంట్లో పడుకోబెట్టి వచ్చింది. బిడ్డ ఏడుపు ఆగకపోయేసరికి ఆమె రవిక ముందువైపు తడిసిపోవడం నేను చూశాను, చుట్టూ ఉన్న ఆడవాళ్ళూ చూశారు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగూ తడిసింది. అప్పుడు నా దగ్గరికి వచ్చి, నన్ను అడగకుండా, బిడ్డను తీసుకొని సముద్రం వైపు తిరిగి ఇసుకలో కూర్చుంది. ఏడుపు ఆగింది. తులసమ్మ అత్త గట్టుమీద నుంచి "ఒసే" అని ఒక కేక వేసి, ఎందుకో ఆపేసింది.

మరునాటి నుంచి తులసమ్మ నిప్పు కోసమని మా ఇంటి వెనకవైపుకు రావడం మొదలుపెట్టింది. అగ్గిపెట్టెలున్న రోజులే, అయినా పొయ్యిలో నిప్పు ఇచ్చిపుచ్చుకోవడం ఉండేది. ఒక పిడక చేతిలో పట్టుకొని వచ్చేది. అవ్వ పిడకను పొయ్యిలో పెట్టేది, అది అంటుకొనేలోపల బిడ్డ పాలు తాగేవాడు. ఇద్దరూ ఆ సంగతి మాట్లాడేవాళ్ళు కాదు. చేపల ధర, వాన, ఎవరింట్లో పెళ్ళి, అవే మాటలు. అవ్వ ఆమెకు ఎన్నడూ మంచిమాట చెప్పలేదు. పాలకు మెచ్చుకోలు చెబితే పాలు తగ్గుతాయని అవ్వ భయం.

కొన్నాళ్ళకు అత్త తానే వచ్చింది. దొడ్డిగుమ్మం దగ్గరనుంచే అరిచింది.

"నిప్పుకని పోయి ఇంతసేపేందే? అడివంతా కాలబెట్టి తెస్తాండావా?"

తులసమ్మ కదల్లేదు, బిడ్డను లాక్కోలేదు. అత్త లోపలికి వచ్చి చూసింది. బిడ్డ పిడికిలి కోడలి రవిక అంచును పట్టుకొని ఉంది. అవ్వ పొయ్యి ఊదుతూనే ఉంది. చివరికి అత్త అంది, "రెండో పక్క గూడా ఇయ్యి. ఒకపక్కే ఇస్తే గడ్డలు కడతాయి." పొయ్యిలోంచి రగిలిన పిడకను తీసుకొని తనే ఇంటికి పోయింది.

ఆ తరువాత మస్తాన్ బతికాడు. బతికి, ఊళ్ళో అందరికంటే పెద్దగొంతు ఉన్నవాడయ్యాడు. పెద్దవల లాగేటప్పుడు పదం ఎత్తుకునేది వాడే. గాడిదపాల గొంతు అని ఊరంతా అనేది. మొండికేస్తే గేదెపాలు అనేవాళ్ళు, ఏది పెట్టినా తింటే మేకపాలు. వాడికి కోపం లేదు. "నా కడుపులో పశువుల సంత ఉందక్కా, అందుకే నీకంటే బలం నాకు" అనేవాడు. తులసమ్మ పాలు అని మాత్రం ఎవరూ ఎగతాళికైనా అనలేదు. వాడూ అనలేదు. పడవ దిగితే ముందు ఆమె వాకిట్లో కూరకు సరిపడా చేపలు వేసి, తరువాత ఇంటికి వచ్చేవాడు. పెళ్ళయిన తరువాతా అంతే, పడవలు మరపడవలు అయిన తరువాతా అంతే.

మా వాళ్ళల్లో మట్టి చేసిన మూడోనాడు పాలు పోసే ఆచారం ఉంది. సరుగుడు తోపు పక్కన ఇసుకలో వాడిని పెట్టిన చోటుకు అందరం వెళ్ళాం. వాడికి ఇష్టమైన చేపలపులుసు, టీ, బీడీకట్ట ఆకులో పెట్టారు. పాలు ప్యాకెట్లవి. కొడుకు కత్తిరించి చెంబులో పోశాడు. కొడుకు, కోడలు, నేను, ఒకరి తరువాత ఒకరం పోశాం. ఇసుక వెంటనే పీల్చేసింది. నాకు ఏమీ అనిపించలేదు. చెంబు చల్లగా ఉందని మాత్రం గుర్తుంది, ఫ్రిజ్‌లోంచి తెచ్చినట్టున్నారు.

తులసమ్మను మనవడు చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాడు. నడుం వంగిపోయింది, కళ్ళు మసక. చెంబు ఆమె చేతికిచ్చారు. ఆమె ఆ మట్టి దిబ్బ ముందు చెంబు పట్టుకొని నిలబడింది. పొయ్యలేదు.

"పొయ్యమ్మా" అన్నాడు పెద్దమనిషి ఒకాయన.

"నేను పొయ్యను."

"అట్టనకూడదవ్వా. పొయ్యాల."

"నేను పోసింది బతికేదానికబ్బయా. దీనికి పొయ్యను." ఆమె చుట్టూ చూసి, లాస్య ఎక్కడుందో కనుక్కొని, చెంబు ఆ పిల్లకు అందించింది. "పొద్దన్నుంచి ఏం తిన్నావో ఏమో. తాగుమే."

లాస్య వాళ్ళమ్మ మొహం చూసింది. నిర్మల వద్దనలేదు, తాగమనీ అనలేదు. పిల్ల నిలబడి, అందరి ముందూ, చెంబులో మిగిలిన పాలన్నీ తాగింది. ముసలామెకు తెలిసీ తెలియక చేసిందని వెనక ఎవరో అన్నారు. ఆ రోజంతటిలో నాకు స్పష్టంగా గుర్తున్నది ఆ పిల్ల గొంతు కదలడం ఒక్కటే.

ఇప్పుడు మా వాడలో గాడిదలు లేవు. ఉప్పు లారీల్లో పోతుంది. పొద్దున్నే తడ వైపు ఫ్యాక్టరీలకు బస్సు వస్తుంది, అందులో ఆడపిల్లలు పోతారు, చంటిబిడ్డ తల్లులు కూడా. బిడ్డలకు డబ్బాపాలు పోస్తారు, బిడ్డలు పెరుగుతారు. అప్పటికంటే ఇప్పుడే ఎక్కువమంది బిడ్డలు బతుకుతున్నారు, అది నేను మరిచిపోయి మాట్లాడకూడదు. ఆ రోజులు మంచివని నేను అనలేను. ఒక్క బిడ్డకు పాలు దొరకడానికి అన్ని వాకిళ్ళు తిరగాల్సిన రోజులు అవి. పాలు ఎక్కడివో, ఏ జంతువువో అప్పుడు తెలిసేది, ఇప్పుడు తెలియదు. తేడా చెప్పమంటే ఇంతే చెప్పగలను.

ఇదంతా లాస్యకు చెప్పలేదు. కొంత చెప్పాను, చెవుల సంగతి, గబ్బిలం సంగతి, డాల్ఫిన్ సంగతి. చెప్పిన తరువాత ఆ ఖాళీ గడి చూసి, "పద, తులసవ్వ దగ్గరికి పోదాం" అన్నాను. పెద్దకర్మ తరువాత నేను ఇల్లు కదలడం అదే మొదటిసారి.

తులసమ్మ వాకిట్లో చేటలో ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుకుంటోంది. లాస్య తనతో తెచ్చుకున్న వాళ్ళమ్మ ఫోన్ ఎత్తి పట్టుకొని సంగతి చెప్పింది.

"నా మొగమెందుకే? బళ్ళో పిల్లోళ్ళు జడుసుకుంటారు."

"మనిషి బొమ్మ కావాలవ్వా. పాలిచ్చేవాటిలో."

తులసమ్మ నావైపు చూసింది. మసక కళ్ళతో ఎంత కనబడిందో తెలియదు. చేట పక్కకు పెట్టి, తలమీది కొంగు వెనక్కి తీసింది. వెంట్రుకలు రెండు పక్కలా వెనక్కి దువ్వుకుంది. కమ్మల బరువుకు సాగిన చెవితమ్మెలు మెడవరకు వేలాడుతున్నాయి.

"చెవులు పడతాండాయా?"

"ఎందుకవ్వా?"

"పడకపోతే గుడ్లు పెట్టేదనుకుంటాది మీ పంతులమ్మ."

లాస్య పడీపడీ నవ్వడంతో ఫోటో చెదిరి, మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఫోటో తీసి, అక్కడే గట్టుమీద కూర్చొని, అట్ట ఒళ్ళో పెట్టుకొని పెన్సిల్ తీసింది. "ఇప్పుడు తేడా చెప్పు. ఆవుకీ మనిషికీ తేడా."

తులసమ్మ మళ్ళీ చేట అందుకుంది. ఒక రాయి ఏరి పారేసింది, ఇంకొకటి ఏరింది.

"పక్కింటి బిడ్డకి గూడా ఇస్తాదని రాయి."

పుస్తకాల ప్రకారం అది పూర్తిగా నిజం కాదు. తల్లి పోయిన పిల్లలకు పాలిచ్చే జంతువులు కొన్ని ఉన్నాయి. నేను దిద్దలేదు. లాస్య నాలుక బయటపెట్టి, ఒక్కొక్క అక్షరమే రాసింది.

"ఇంకేం రాయాల?"

"అత్తకు తెలీకుండా ఇస్తాదని రాయి" అంది తులసమ్మ.